ఎత్తు బండి - అత్తయ్యగారి పీట

అమెరికా అనగానే మనకి న్యూయార్కు మేడలో, నయాగరా జలపాతమో గుర్తుకొస్తాయి. నేను చూసొచ్చిన అమెరికా అది కాదు. టెక్సాస్ రాష్ట్రం పటం చూస్తే ఉత్తరాన ఒక ముక్క పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. అచ్చం పెనానికి పిడిలాగే ఉంటుంది. అక్కడి వాళ్ళు కూడా దాన్ని తమ భాషలో 'పెనం పిడి' అనే అంటారు. ఆ పిడి మధ్యలో అమరిల్లో అనే ఊరు ఉంది. స్పానిష్ భాషలో అమరిల్లో అంటే పసుపు రంగు. పేరుకి తగ్గట్టే ఎటు చూసినా ఎండిన పసుప్పచ్చ గడ్డి. సముద్రమట్టానికి 3,600 అడుగుల ఎత్తున ఉన్నా కొండ అన్నది కనబడదు. చపాతీ పీటలా చదునుగా ఉంటుంది నేల. ఇక గాలి! ఆరేసిన చీర పక్క వీధిలో వెతుక్కోవాల్సిందే.

ఆ ఊళ్ళో వీధిలోకి వెళ్తే ఎక్కడ చూసినా పికప్ ట్రక్కులే. ముందు భాగం కారులా రెండు వరసల సీట్లు, వెనక సామాను వేసుకునే తొట్టి. మన ఊళ్ళల్లో కూరగాయలు తెచ్చే బొలేరో పికప్‌కి పెద్దన్నయ్య అనుకోండి. పొలాలు, పశువుల దొడ్లు, గాలిమరలు, మట్టి రోడ్లు ఉన్న ప్రాంతం కాబట్టి నాలుగు చక్రాలూ తిరిగే బండి కావాలి. రాళ్ళు రప్పలు అడుగున తగలకుండా ఎత్తు కావాలి. కుర్రాళ్ళయితే ఉన్న ఎత్తు చాలదన్నట్టు ఇంకో నాలుగంగుళాలు లేపించుకుని, పెద్ద టైర్లు వేయించుకుని తిరుగుతారు. బండి ఎంత ఎత్తుంటే అంత గొప్ప!

మా మరిది అక్కడ గాలిమరల కంపెనీలో ఇంజనీరు. తిరిగేదంతా మట్టి రోడ్ల మీదే కాబట్టి అతనూ అలాంటి బండే కొన్నాడు. 2024 అక్టోబరులో నేనూ, మా అత్తయ్యగారూ వాళ్ళింటికి వెళ్ళాం. మావారికి సెలవు దొరకలేదు. అత్తయ్యగారికి డెబ్భై రెండేళ్ళు. మనిషి నాలుగడుగుల పది అంగుళాలు. కుడి మోకాలు అరిగిపోయింది. అయినా చిన్న కొడుకు ఇల్లు ఒక్కసారైనా చూడాలని ఆవిడ పట్టుదల.

"మీరు వెళ్ళి రండర్రా"

డాలస్‌లో విమానం దిగాం. మరిది బండి తీసుకుని వచ్చాడు. అక్కడి నుంచి అమరిల్లోకి దాదాపు ఆరు గంటల ప్రయాణం. బండి తలుపు తీశాడు. అత్తయ్యగారు ఆ గడప వంక చూశారు, తన కాళ్ళ వంక చూసుకున్నారు. ఆవిడ ఏదో అనేలోపే మరిది రెండు చంకల కిందా చేతులు వేసి చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి సీట్లో కూర్చోబెట్టేశాడు. పాపం, ప్రేమతోనే చేశాడు. చుట్టుపక్కల వాళ్ళు కూడా ముచ్చటగా నవ్వారు. అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. చీర సర్దుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత నాలుగు రోజులూ ఒకటే పాట. బజారుకి వెళ్దామంటే "మీరు వెళ్ళి రండర్రా". మనవడి బడి చూద్దామంటే "నాకు నిద్రొస్తోంది". శనివారం పెద్ద లోయ చూద్దామంటే "నాకు లోయలెందుకు, మన ఊళ్ళో బావి చూశాగా" అన్నారు. అంత దూరం వచ్చి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చోవడం! తోడికోడలి చిన్న కారు ఉంది కానీ అది రోజూ ఆమె ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళిపోతుంది. పైగా ఆ వెనక సీట్లో మోకాళ్ళు ముడుచుకుని గంటసేపు కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. ట్రక్కులో అయితే కాళ్ళు బార్లా చాపుకోవచ్చు. ఎక్కిన తర్వాత సుఖమే. ఎక్కడమే కష్టం.

రాత్రి కాళ్ళకి నూనె రాస్తూ మెల్లిగా అడిగాను. "అమ్మాయ్, ఎవరికీ చెప్పకు. కన్నకొడుకే అయినా నలుగురిలో నన్ను వడ్ల మూటలా ఎత్తి పడేస్తే ఎలా ఉంటుంది చెప్పు? నా కాలితో నేను ఎక్కగలిగితే వస్తాను. లేకపోతే నా వల్ల ఎవరికీ ఇబ్బంది వద్దు" అన్నారు.

ఆ మాట మనసులో గుచ్చుకుంది. మోకాలి నొప్పికన్నా ఆవిడకి ఆ ఎత్తడమే ఎక్కువ నొప్పి. తెల్లారాక తోడికోడలి కుట్టు డబ్బాలోంచి టేపు తీసుకుని బండి దగ్గరికి వెళ్ళాను.

టేపు చెప్పిన సంగతి

నేల నుంచి బండి గడపకి ఇరవై నాలుగు అంగుళాలు. సీటు దాదాపు ముప్ఫై ఆరు. మనింట్లో మెట్టు ఆరేడు అంగుళాలు ఉంటుంది. అంటే ఈ బండి ఎక్కడం మూడు నాలుగు మెట్లు ఒక్క అంగలో ఎక్కడం లాంటిది. అత్తయ్యగారి ఎత్తు మనిషికి ఆ గడప తొడ దాకా వస్తుంది, సీటు నడుం దాటుతుంది. మంచి మోకాళ్ళున్న నేనే కమ్మీ పట్టుకుని వేలాడి ఎక్కాల్సొచ్చేది.

ఇరవై నాలుగుని మూడు భాగాలు చేస్తే ఎనిమిదేసి అంగుళాలు. ఎనిమిది అంగుళాల మెట్టు అత్తయ్యగారు ఇంట్లో ఎక్కుతూనే ఉన్నారు కదా! అంటే బండిని కిందికి దించక్కర్లేదు, ఆవిడని పైకి ఎత్తక్కర్లేదు. మధ్యలో రెండు మెట్లు కావాలి, పట్టుకోవడానికి పిడి కావాలి. అంతే లెక్క.

ఈ మాట మరిదితో అంటే "అయ్యో వదినా, ఆ మాత్రానికేముంది, పక్కన బిగించే మెట్లు దొరుకుతాయి, తెప్పిస్తాను. వారం పడుతుంది" అన్నాడు. వారం దాకా ఆగితే శనివారం లోయ ప్రయాణం పోతుంది. అందుకని ముందు బజారుకి వెళ్ళాం, పీట కోసం.

తాడు కట్టిన పీట

ఆ బజారులోనే మాకొక గురువుగారు దొరికారు. కొట్టు ముందు బళ్ళు ఆపుకునే చోట ఒక ముసలావిడ, అత్తయ్యగారి వయసే ఉంటుంది, మా బండికన్నా పెద్ద బండి దగ్గర నిలబడింది. చేతిలో చిన్న ప్లాస్టిక్ పీట, దానికి ఒక తాడు. పీట కింద పెట్టింది, రెండు చేతుల్తో కమ్మీలు పట్టుకుంది, టక్కున ఎక్కి కూర్చుంది. కూర్చుని తాడు లాగితే పీట కూడా పైకి వచ్చేసింది. తలుపు వేసుకోబోతూ నేను నోరు తెరిచి చూడటం గమనించి నవ్వింది.

తోడికోడలు వెళ్ళి మా సంగతి చెప్పింది. ఆవిడ వెంటనే బండి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి చూపించింది. ఎలా ఎక్కాలో, ఏది పట్టుకోవాలో, ఏది పట్టుకోకూడదో అన్నీ చేసి చూపించింది. తోడికోడలు ఫోనులో వీడియో తీసుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి అత్తయ్యగారికి చూపిస్తే రెండుసార్లు చూసి, "ఆవిడకి మోకాళ్ళు నా కన్నా అధ్వాన్నంగా ఉన్నట్టున్నాయే" అన్నారు. అంతే, ఆ రాత్రే వీధి దీపం వెలుగులో సాధన మొదలైంది. ఎవరూ చూడకూడదని షరతు!

మేం కొన్నది రెండు మెట్ల మడత పీట. మొదటి మెట్టు ఎనిమిది, రెండోది పదహారు అంగుళాలు. ముప్ఫై డాలర్ల లోపే. ఎంత బరువు ఆపుతుందో దాని మీదే రాసుంటుంది. అది చూసి కొనాలి. కాళ్ళకి రబ్బరు తొడుగులు ఉండాలి, పైన మెట్టు గరుగ్గా ఉండాలి, పాదం మొత్తం ఆనేంత వెడల్పుండాలి. దాని పై కమ్మీకి తాడు కట్టాం. తాడు లాగే ఉద్యోగం మనవడిది.

ఇంకొక చిన్న వస్తువు కూడా కొన్నాం. ఏ బండికైనా తలుపు తీస్తే, గొళ్ళెం పడటానికి చట్రానికి ఇనప కొక్కెం ఒకటి ఉంటుంది చూడండి. అందులో దూర్చుకునే పిడి అమ్ముతారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దిగేటప్పుడు దాని మీద చేయి ఆన్చి బరువు వేయొచ్చు. తలుపు వేసేముందు మాత్రం గుర్తుగా తీసేయాలి సుమా, లేకపోతే తలుపూ పాడు, పిడీ పాడు.

ఎక్కే పద్ధతి

ఆ ముసలావిడ చూపించిందీ, తోడికోడలు ఆసుపత్రిలో కీళ్ళ రోగులకి చెప్పే పద్ధతీ కలిపి మేం చేసింది ఇదీ. అమెరికాలోనే కాదు, మన దగ్గర ఎత్తు జీపులకీ ఇదే పనికొస్తుంది.

- ముందు పట్టు, తర్వాత అడుగు. రెండు చేతులూ పట్టు దొరికించుకున్నాకే కాలు లేపాలి. రెండు చేతులు ఒక కాలు, లేదా రెండు కాళ్ళు ఒక చేయి, ఎప్పుడూ మూడు ఆధారాలు ఉండాలి.

- ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బరువు ఎత్తే పని, బరువు దించే పని రెండూ మంచి కాలే చేస్తుందన్నమాట.

- తలుపు పట్టుకుని ఎక్కకూడదు. అది కదిలిపోతుంది. అద్దం పక్కన స్తంభానికి ఉండే కమ్మీ, వెనక స్తంభానికి ఉండే కమ్మీ, అవి పట్టుకోవాలి.

- దిగేటప్పుడు రోడ్డు వైపు చూస్తూ దూకకూడదు. సీటు వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగాలి. కాలు పెట్టేముందు పీట కింద ఉందో లేదో ఒకరు చూసి చెప్పాలి.

- బండి ఆపేటప్పుడే ఆలోచించాలి. కాలిబాట గట్టు పక్కన ఆపితే గట్టు ఎత్తు కలిసొచ్చి ఒక మెట్టు తగ్గుతుంది. వాలు ఉంటే ఎక్కే మనిషి ఎత్తు వైపు ఉండేలా ఆపాలి.

- గాలి బాగా ఉన్నచోట బండి ముఖం గాలికి ఎదురుగా పెట్టాలి. గాలి వెనకనుంచి వస్తే తీసిన తలుపుని విసిరికొడుతుంది. అమరిల్లోలో ఇది చిన్న పిల్లలకి కూడా తెలుసు.

ఇక చీర సంగతి. ఇది ఆ గురువుగారికి తెలియదు, మనమే చూసుకోవాలి! రెండు చేతులూ కమ్మీలకి కావాలి కాబట్టి కుచ్చిళ్ళు చేత్తో పట్టుకోవడం కుదరదు. ముందే బెత్తెడు పైకి దోపుకోవాలి, పమిట నడుముకి చుట్టుకోవాలి. అసలు చిక్కు లోపలి లంగా. ఇప్పటి లంగాలు ఒంటికి పట్టేలా ఇరుకుగా కుడుతున్నారు. వాటిలో కాలు ఎత్తబోతే సగంలో ఆగిపోతుంది. అత్తయ్యగారి లంగాలకి రెండు పక్కలా మోకాలి దాకా కుట్లు విప్పి అంచులు మడిచి కుట్టాను. పది నిమిషాల పని. చెప్పులు వెనక పట్టీ ఉన్నవే వేసుకోవాలి. హవాయి చెప్పుల్తో మెట్టెక్కడం వద్దు. తలుపు వేసేముందు చీర కుంగు లోపల ఉందో లేదో చూసుకోవాలి. ఇంకో మాట, తోలు సీటు మీద పట్టు చీర జర్రున జారుతుంది. నూలు చీరే నయం.

నాలుగోసారికి అత్తయ్యగారు ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కారు. సీట్లో కూర్చుని, "ఒరే అబ్బాయ్, ఇక్కణ్ణుంచి ఊరంతా కనపడుతోందిరా" అన్నారు. వీధి చీకటిగా ఉంది, కనపడేది ఎదురింటి ప్రహరీ గోడ మాత్రమే. అయినా మరిది "అవునమ్మా" అన్నాడు.

గట్టి కర్ర లోయ

శనివారం పొద్దున్నే పులిహోర, దద్దోజనం, చల్ల మిరపకాయలు కట్టుకుని అయిదుగురం బయల్దేరాం. ఊరికి పాతిక ముప్ఫై మైళ్ళ దూరంలో పాలో డ్యూరో అనే లోయ ఉంది. ఆ మాటకి స్పానిష్‌లో గట్టి కర్ర అని అర్థం. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత అంత పెద్ద లోయ ఇదేనని చెబుతారు. పొడవు 120 మైళ్ళ దాకా, లోతు కొన్నిచోట్ల 800 అడుగులు. రెడ్ రివర్ అనే నదికి చెందిన పాయ ఒకటి లక్షల ఏళ్ళపాటు కోసిన కోత అది. ఎదురుగా వచ్చేదాకా లోయ ఉన్నట్టే తెలియదు. చదునైన నేల మీద పోతూ పోతూ ఉంటే ఒక్కసారిగా నేల చీలిపోయి కింద ఎర్రటి లోకం కనబడుతుంది. అడుగున ఉన్న ఎర్ర రాయి సుమారు 25 కోట్ల ఏళ్ళనాటిది. మధ్య మధ్య తెల్లగా జిప్సం చారలు, ఎర్ర చీరకి తెల్ల జరీలా.

ఈ లోయ మామూలు జనానికి పార్కుగా తెరిచింది 1934లో. అప్పటి కరువు రోజుల్లో పని లేని కుర్రాళ్ళని పెట్టి ప్రభుత్వం లోపలికి రోడ్డు వేయించింది. అందుకే మాలాంటి వాళ్ళం కూడా బండిలో అడుగు దాకా దిగగలిగాం. అంతకుముందు ఈ లోయ కొమాంచి, కయోవా, షెయెన్ తెగల వాళ్ళకి చలికాలపు నివాసం. 1874లో సైన్యం దాడి చేసి వాళ్ళ గుర్రాలని వెయ్యికి పైగా చంపేసింది. గుర్రాలు లేక ఆ జనం ఈ నేల వదిలి వెళ్ళాల్సొచ్చింది. వాహనం పోతే మనిషి బతుకే మారిపోతుందన్నమాట.

ఆ తర్వాత రెండేళ్ళకి, 1876లో ఛార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి ఇక్కడికి మందలు తోలుకొచ్చాడు. అప్పుడు దారి లేదు కాబట్టి బళ్ళని ఊడదీసి ముక్కలుగా లోయలోకి దించారంటారు. ఆయన భార్య మేరీ యాన్ గుడ్‌నైట్ కూడా వచ్చి ఇక్కడే కాపురం పెట్టింది. పలకరించే ఆడమనిషి దరిదాపుల్లో లేదు. ఎవరో పశువుల కాపరి మూడు కోళ్ళు తెచ్చి ఇస్తే వండకుండా వాటితోనే కబుర్లు చెప్పుకుందట ఆ ఇల్లాలు. దూడ తోడు లేని గేదెకైనా మాట్లాడే మనిషి ఉంటుంది మన పల్లెలో. ఆ తల్లికి కోళ్ళే దిక్కు!

ఆ గుడ్‌నైట్‌గారి గురించి విన్న రెండు సంగతులు నాకు బాగా నచ్చాయి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు గుర్రం మీద కాళ్ళు రెండూ ఒక పక్కకే పెట్టి కూర్చునేవారు. పట్టు చాలక పడిపోయేవారు. ఆయన తన భార్య కోసం జీనుకి ఎడమ మోకాలు ఆనేలా ఇంకొక కొమ్ము అమర్చి కొత్త జీను చేశాడు. రెండోది, 1866లో ఆయనే మందల వెంట నడిచే వంటబండిని తయారుచేశాడు. బండి వెనక అరల బీరువా, దాని తలుపు కిందికి వాల్చితే అదే వంట బల్ల. మరిది మా ట్రక్కు వెనక తలుపు వాల్చి దాని మీదే పులిహోర గిన్నె పెడితే నాకు ఆ వంటబండే గుర్తొచ్చింది. అత్తయ్యగారు మాత్రం జీను కథ రెండోసారి చెప్పించుకున్నారు. "చూశావా, భార్య మోకాలి కోసం జీను మార్చాడు కానీ, నువ్వు ఇంట్లో ఉండు అనలేదు" అన్నారు. ఎవర్ని చూస్తూ అన్నారో చెప్పను. మరిది దద్దోజనం మీద దృష్టి పెట్టాడు.

ఆ రోజు ఆవిడ అయిదుసార్లు బండి దిగారు, అయిదుసార్లు ఎక్కారు. నది పాయ దగ్గర ఒకసారి, ఎర్ర రాయి పట్టుకు చూడాలని ఒకసారి, తుప్పల్లో అడవి టర్కీ కోళ్ళు కనబడ్డాయని ఒకసారి. ప్రతిసారీ మనవడు "నాయనమ్మా, పీట రెడీ!" అని కేక పెట్టేవాడు.

పత్తి చేలో అడుగు

తర్వాతి వారం పక్క మెట్లు వచ్చాయి. బండి పొడవునా గొట్టంలా ఉండి, ప్రతి తలుపు దగ్గరా కిందికి వేలాడే చిన్న మెట్టు ఉన్న రకం అవి. మరిదీ, నేనూ కలిసి బిగించాం. బండి అడుగున చట్రానికి ముందే బెజ్జాలు ఉంటాయి, కొత్తగా తొలిచే పని లేదు. బ్రాకెట్లు పెట్టి, నట్లు వదులుగా తిప్పి, మెట్టు ఎక్కించి సరిచూసుకుని, చివర్న పానాతో గట్టిగా బిగించాలి. రెండు పక్కలా కలిపి రెండు గంటలు పట్టింది. ఆ మెట్టు నేలకి పదిహేను అంగుళాల ఎత్తున వచ్చింది. దాని కింద ఏడంగుళాల చిన్న ప్లాస్టిక్ పీట వేస్తే సరిపోయింది. పెద్ద పీట మోసే పని తప్పింది. కొన్ని బళ్ళకి తలుపు తీయగానే తనంతట తనే బయటికొచ్చి, వేయగానే లోపలికి ముడుచుకునే కరెంటు మెట్లు కూడా ఉన్నాయి. ధర మాత్రం చాలా ఎక్కువ. ఏ మెట్టయినా బురద, మంచు పట్టకుండా తుడుచుకోవాలి. నెలకోసారి నట్లు చూసుకోవాలి.

ఆ మెట్లతో మొదటి ప్రయాణం దక్షిణంగా లబ్బాక్ వైపు. నూట ఇరవై మైళ్ళు. సగం దూరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా పత్తి. కనుచూపు మేర తెల్లగా పత్తే! అమెరికాలో పత్తి బాగా పండే చోట్లలో ఇదొకటి. మాది గుంటూరు దగ్గర పల్లె. అత్తయ్యగారు కాపురానికి వచ్చింది మొదలు పత్తి చేలోనే బతికారు. విత్తనం పెట్టించడం, మందు కొట్టించడం, కూలీలతో పాటు ఒళ్ళో పత్తి తీయడం, పురుగు పడిన ఏడు అప్పులు లెక్కపెట్టుకోవడం అన్నీ ఆవిడకి తెలుసు.

"ఒరే, ఆపరా" అన్నారు.

మరిది రోడ్డు పక్కగా ఆపాడు. ఈసారి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సీటు వైపు తిరిగారు, కమ్మీ పట్టుకున్నారు, కుడి కాలు మెట్టు మీద, తర్వాత ఎడమ కాలు, పీట, నేల. చేను గట్టు దాకా నడిచి వెళ్ళి ఒక కాయ దగ్గర వంగి, తెంపకుండానే దూది వేళ్ళతో నలిపి చూశారు. "పింజ పొట్టిగా ఉంది. మొక్కకి ఎత్తు లేదు. అయినా ఎంత శుభ్రంగా విచ్చిందో" అన్నారు. దూరంగా ఒక యంత్రం పత్తి తీసుకుంటూ పోతోంది. వెనకనుంచి పచ్చటి ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద గుండ్రటి మోపులు దించుతోంది. "మనిషి ఏడీ?" అని అడిగారు. యంత్రంలో ఒక్కడే ఉన్నాడని మరిది చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన ఎర్ర మట్టికీ దీనికీ తేడా ఏమీ లేదురా. వేళ్ళు కోసుకుపోయే ఆడవాళ్ళు లేరు, అంతే" అన్నారు.

ఆ మాట అనడానికి ఆవిడ చేలో నిలబడాల్సొచ్చింది. బండి కిటికీలోంచి చూస్తే ఆ మాట వచ్చేది కాదు.

మన ఇళ్ళకి ఒక పీట

తిరిగొచ్చాక అత్తయ్యగారు చేయించిన మొదటి పని వడ్రంగిని పిలిపించడం. మన దగ్గరా ఇప్పుడు ఎత్తు బళ్ళు ఎక్కువయ్యాయి. పెళ్ళిళ్ళకి, ఆసుపత్రికి వెళ్ళాలంటే ఇంటి పెద్దల్ని ముందొకరు లాగి వెనకొకరు తోసి ఎక్కిస్తున్నాం. దానికన్నా ఒక పీట నయం. కొలతలు రాసుకోండి. పొడవు పద్దెనిమిది అంగుళాలు, వెడల్పు పన్నెండు, ఎత్తు ఎనిమిది. వేప చెక్కయినా చాలు. కాళ్ళు పైకన్నా కింద కాస్త ఎడంగా ఉండేలా పెట్టమనండి, అప్పుడు ఒరగదు. కాళ్ళ అడుగున పాత టైరు ముక్కలు, మేకు తలలు లోపలికి పోయేలా కొట్టించండి. పైన గరుకు రబ్బరు చాప అతికించండి. పక్కన ఒక కన్నం తొలిచి రెండు గజాల నూలు తాడు కట్టండి. వాడే ముందు ఇంట్లో అందరికన్నా బరువైన మనిషిని ఎక్కించి చూడండి!

పీట మాత్రం ఎప్పుడూ చదును నేల మీదే వేయాలి. మోకాలికి ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు డాక్టర్ని అడిగి, పక్కన మనిషి ఉండగానే ఎక్కాలి. పక్కనున్న మనిషి ఎత్తకూడదు. చేయి చాచి నిలబడాలి, అంతే. కావాలంటే వాళ్ళే పట్టుకుంటారు.

ఆ పీట ఇప్పుడు మా ఇంట్లో ఉండటమే తక్కువ. మా వీధిలో ఎవరింట్లో ప్రయాణమైనా "పిన్నిగారూ, మీ పీట ఒకసారి" అంటూ వస్తారు. అత్తయ్యగారు ఇస్తూ తాడు ఎలా లాగాలో ప్రతివాళ్ళకీ చూపిస్తారు. మొన్న శ్రావణంలో ఎదురింటి ముత్తవ్వ, ఎనభై దాటిన మనిషి, మూడేళ్ళ తర్వాత మంగళగిరి నరసింహస్వామి దర్శనానికి మనవడి జీపులో వెళ్ళింది. కొండ మీదికి వెళ్ళలేదు, కింద గుళ్ళోనే దణ్ణం పెట్టుకుని వచ్చింది. ప్రసాదంతో పాటు పీట కూడా శుభ్రంగా కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి తెచ్చిచ్చింది.